ఫిలడెల్ఫియాలో ఒక స్కూల్ గోడ, దాని వల్ల నాకు దొరికిన స్నేహితులు (నా అనుభవం)

హెచ్4 వీసా (హెచ్1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) మీద కొత్తగా అమెరికా వెళ్ళినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఏంటంటే, అక్కడ మన తెలుగువాళ్ళు కాకుండా వేరేవాళ్ళతో నిజంగా స్నేహం కుదురుతుందా అని. కుదురుతుంది, నాకు కుదిరింది. కాకపోతే పార్కులో ఎదురుపడి హాయ్ చెప్పుకుంటేనో, స్కూల్ ఫంక్షన్‌లో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటేనో కుదరలేదు. ఒక గోడకి బొమ్మ వెయ్యడానికి నెలల తరబడి ఒకే బల్ల చుట్టూ కూర్చుని రంగులేస్తే కుదిరింది. అదెలా జరిగిందో మొత్తం రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం 2017 వేసవిలో ఫిలడెల్ఫియా వెళ్ళాం. మావారి ఆఫీస్ సెంటర్ సిటీలో. అందరూ సబర్బ్స్‌లో ఉండమన్నారు గానీ నాకు అప్పటికి డ్రైవింగ్ రాదు, నడిచి తిరగ్గలిగే చోటు కావాలని సౌత్ ఫిలడెల్ఫియాలో ఒక రో హౌస్ అద్దెకి తీసుకున్నాం, రో హౌస్ అంటే ఇటూ అటూ గోడలు కలిసిపోయి వీధి పొడుగునా వరసగా ఉండే ఇరుకు ఇళ్ళు, ఆ ఊళ్ళో ఎటు చూసినా అవే. పాపని రెండు వీధుల అవతల ఉన్న పబ్లిక్ స్కూల్‌లో థర్డ్ గ్రేడ్‌లో వేశాం. ఆ ఏరియాలో ఒకప్పుడు ఇటాలియన్ కుటుంబాలు ఎక్కువట, 1980ల నుంచి కంబోడియా, వియత్నాం వాళ్ళు వచ్చారు, తర్వాత మెక్సికో వాళ్ళు, అందులోనూ ప్యూబ్లా రాష్ట్రం నుంచి ఎక్కువ, ఇంకా 2008 నుంచి భూటాన్ నేపాలీలు, అంటే భూటాన్ నుంచి తరిమేస్తే నేపాల్‌లో క్యాంపుల్లో ఏళ్ళకేళ్ళు గడిపినవాళ్ళు. అలా క్యాంపుల నుంచి లక్షమందికి పైగా వేరే దేశాలకి వెళ్ళారు, ఎక్కువమంది అమెరికాకే. వీళ్ళందరికంటే ముందు నుంచీ ఉన్న నల్లజాతి అమెరికన్ కుటుంబాలు సరే సరి. మా పాప క్లాసులో ఇండియన్ తనొక్కతే.

మధ్యాహ్నం స్కూల్ వదిలే టైముకి గేటు దగ్గర ఎవరి గుంపు వాళ్ళది. స్పానిష్ మాట్లాడే అమ్మలు ఫెన్సింగ్ పక్కన, కంబోడియా అమ్మమ్మలు మెట్ల దగ్గర, నేపాలీ వాళ్ళు చెట్టు కింద. ఎవరూ ఎవరినీ తేడాగా చూసేవాళ్ళు కాదు, నవ్వుతారు, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతారు, అంతే. నాకు ఏ గుంపూ లేదు. ఇండియాలో నేను స్కూల్లో సైన్స్ చెప్పేదాన్ని, పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు మూతపడేది కాదు, ఇక్కడ మావారు ఆఫీసుకెళ్ళాక పాప వచ్చేదాకా మాట్లాడే మనిషే లేరు. హెచ్4 మీద ఉద్యోగం చెయ్యకూడదు, 2015 నుంచి హెచ్4 ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఇస్తున్నారు గానీ భర్తకి ఐ-140, అంటే గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, అప్రూవ్ అయ్యుండాలి, మాకు ఇంకా ఆ దశ రాలేదు. జీతం లేకుండా వాలంటీర్ పని చెయ్యడానికి మాత్రం అడ్డం లేదు.

నవంబర్‌లో పాప బ్యాగులో ఒక కాగితం వచ్చింది. స్కూల్ పక్కగోడ మీద పెద్ద మ్యూరల్, అంటే గోడంతా నిండే బొమ్మ, వెయ్యబోతున్నాం, తల్లిదండ్రులు, తాతలు, నానమ్మలు ఎవరైనా రావచ్చు, బొమ్మలు రాకపోయినా పర్లేదు అని. ఇంగ్లీషు కింద స్పానిష్, ఖ్మేర్ (కంబోడియా భాష), వియత్నామీస్, నేపాలీలో కూడా అదే రాసుంది. నేను ఆ సాయంత్రమే పేరిచ్చేశాను.

పేరిచ్చినంత మాత్రాన రానివ్వరు. పెన్సిల్వేనియాలో పిల్లలతో పనిచేసే వాలంటీర్లకి క్లియరెన్సులు ఉండాలి. ఒకటి స్టేట్ పోలీస్ క్రిమినల్ రికార్డ్ చెక్, రెండోది చైల్డ్ అబ్యూస్ క్లియరెన్స్, ఈ రెండూ వాలంటీర్లకి ఫ్రీ, ఆన్‌లైన్‌లోనే అప్లై చెయ్యచ్చు. మూడోది ఎఫ్‌బీఐ వేలిముద్రలు, దానికి డబ్బు కట్టి సెంటర్‌కి వెళ్ళి ఇవ్వాలి. రాష్ట్రంలో వరసగా 10 ఏళ్ళ నుంచి ఉంటున్నవాళ్ళకి ఈ మూడోది అక్కర్లేదు, ఒక డిక్లరేషన్ మీద సంతకం పెడితే చాలు, మనలాంటి కొత్తవాళ్ళకి తప్పదు. ఒకసారి వస్తే 60 నెలలు పనికొస్తాయి. ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే చాలామంది తల్లులు ఇక్కడే ఆగిపోతారు, ఎఫ్‌బీఐ అనే మాట చూసి వీసాకి ఏమవుతుందో అని భయపడతారు. నాకైతే ఏమీ కాలేదు. వేలిముద్రలిచ్చే సెంటర్లో నా ముందు కుర్చీలో కూర్చున్న మెక్సికన్ ఆవిడ చేతిలో కూడా అదే స్కూల్ కాగితం ఉంది, ఇద్దరం ఒకరి కాగితం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం, మాట్లాడుకోలేదు, ఆవిడకి ఇంగ్లీషు కొంచెమే, నాకు స్పానిష్ సున్నా. తర్వాత ఆవిడే నాకు అందరికంటే దగ్గరైంది.

ఫిలడెల్ఫియా గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి, అది మ్యూరల్స్ ఊరు. 1984లో గోడల మీద గ్రాఫిటీ (అనుమతి లేకుండా రంగులతో గీసే రాతలు) ఆపడానికి సిటీ వాళ్ళు ఒక ప్రోగ్రాం పెట్టి, జేన్ గోల్డెన్ అనే ఆర్టిస్టుని తీసుకున్నారు, ఆవిడ గ్రాఫిటీ గీసే కుర్రాళ్ళనే పిలిచి బొమ్మలు వేయించడం మొదలుపెట్టింది. అదే ఇప్పుడు మ్యూరల్ ఆర్ట్స్ ఫిలడెల్ఫియా, ఊరంతా కలిపి 4,000కి పైగా బొమ్మలు వేశారు. బస్సులో వెళ్తుంటే మూడు నాలుగు అంతస్తుల మనుషులు గోడల మీంచి మనల్ని చూస్తూ ఉంటారు. మా స్కూల్ ఆర్టిస్ట్ ఆవిడ మొదట్లోనే మమ్మల్నందరినీ బ్రాడ్ స్ట్రీట్ సబ్‌వే ఎక్కించి స్ప్రింగ్ గార్డెన్ స్టేషన్ దగ్గర కామన్ థ్రెడ్స్ చూపించడానికి తీసుకెళ్ళింది. మెగ్ సాలిగ్‌మన్ 1998లో వేసింది, ఎనిమిది అంతస్తుల ఎత్తు. అందులో ఉన్న మనుషులు ఎక్కడివాళ్ళో కాదు, ఆ చుట్టుపక్కల హైస్కూళ్ళ పిల్లలు. చలికి వణుకుతూ తలెత్తి చూస్తుంటే, మా గోడ మీద కూడా ఎవరో గొప్పవాళ్ళు ఉండక్కర్లేదు, మనమే ఉండచ్చు అని మాకు అర్థమైంది.

అయినా మొదటి మీటింగులో మాత్రం మేమంతా వెళ్ళింది పాత దారిలోనే. మీకు ముఖ్యమైనదేదో ఒక బొమ్మ గియ్యండి అంటే అందరం మా మా దేశాలు గీశాం. నేను ముగ్గు వేశాను. భూటాన్ ఆవిడ కొండలు, వేలిముద్రల సెంటర్లో కనపడిన ప్యూబ్లా ఆవిడ అగ్నిపర్వతం, కంబోడియా పెద్దాయన అంకోర్ వాట్ గోపురాలు, ఇద్దరు ముగ్గురు జెండాలు. అన్నీ బల్ల మీద పరిస్తే బాగానే ఉన్నాయి గానీ ఎవరిది వాళ్ళకే. ఆర్టిస్ట్ ఆవిడ ఏ ఒక్కదాన్నీ తీసెయ్యలేదు, అన్నీ జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంది, పెట్టుకుని రెండో ప్రశ్న అడిగింది: ఈ పొద్దున్న లేచాక మీ చేతులు ఏం పని చేశాయి?

నా వరకు ఆ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన మాట అదే. ఎందుకంటే సమాధానాలు చూడండి. నేను పాప షూ లేసులు కట్టాను. ప్యూబ్లా ఆవిడ కూతురికి జడ అల్లింది, రాత్రంతా రెస్టారెంట్ కిచెన్‌లో పని చేసొచ్చి నిద్రపోకుండా. భూటాన్ ఆవిడ అత్తగారి మందులు డబ్బాలో సర్దింది, సోమవారం గడి, మంగళవారం గడి అంటూ. కంబోడియా పెద్దాయన ఇళ్ళకి పెయింట్ వేసే పని చేస్తాడు, బ్రష్షులు కడుక్కున్నాను అన్నాడు. ఏ దేశం పేరూ చెప్పకుండానే ఒకరిది ఒకరికి వెంటనే అర్థమైపోయింది, ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని రాలేదు. గోడ మీద చేతులు వెయ్యాలి, పొద్దున్నించి రాత్రి దాకా పని చేసే చేతులు, అని ఆ రోజే ఖాయమైంది.

మా స్కూల్లో ఏటా కల్చర్ నైట్ అని జరుగుతుంది, ఒక్కో దేశానికి ఒక్కో టేబుల్, నేనూ వెళ్ళాను, పిల్లలకి మంచిదే. కానీ ఎవరి టేబుల్ వెనక వాళ్ళు నిలబడతాం, మన దేశం గురించి చెప్పింది చెప్పి ఇంటికొచ్చేస్తాం. స్నేహం కావాలంటే అందరికీ కలిపి ఒకటే టేబుల్ ఉండాలి, ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

అంతా సాఫీగా జరిగిందని కాదు. స్కెచ్ మొదటిసారి గోడకి అంటించి చూపించిన రోజు ఒక పెద్దావిడ లేచి నిలబడింది. సెప్టా (అక్కడి సిటీ బస్సుల సంస్థ) బస్సు నడిపి రిటైరైన ఆవిడ, నల్లజాతి అమెరికన్, ఆ బ్లాకులోనే పుట్టి ఆ స్కూల్లోనే చదివింది, ఇప్పుడు మనవడు చదువుతున్నాడు. అక్కడ పెద్దవాళ్ళని పేరు ముందు మిస్ పెట్టి పిలుస్తారు, చిన్నాపెద్దా అందరూ ఆవిడ్ని అలాగే పిలిచేవాళ్ళు, ఇక్కడ పేరు రాయకూడదు కాబట్టి ఉత్త మిస్ అనే రాస్తాను. ఆవిడ అడిగింది సూటిగా, బయటి నుంచి వచ్చినవాళ్ళ చేతులన్నీ ఉన్నాయి, సంతోషమే, మేం యాభై అరవై ఏళ్ళ నుంచి ఈ వీధి కాపాడుకుంటూ వస్తున్నాం, మా చేతులు ఏవి అని. గది నిశ్శబ్దమైపోయింది. ఇంటర్‌ప్రెట్ చెయ్యడానికి స్కూల్ డిస్ట్రిక్ట్ పంపిన బైలింగ్వల్ అసిస్టెంట్లు ఉంటారు, వాళ్ళు ఆ మాటల్ని ఒక్కో భాషలో మెల్లగా చెప్తుంటే ఒక్కో బల్ల దగ్గర తలలు ఊగడం మొదలైంది. ఆవిడ అన్నది నిజం. మీటింగులు సాయంత్రాలు పెట్టారు, కాగితం అయిదు భాషల్లో వేశారు, కానీ పాతకాపుల ఇళ్ళకి వెళ్ళి రండమ్మా అని పిలిచినవాళ్ళు లేరు.

అప్పుడు భూటాన్ ఆవిడ నాకు హిందీలో చెప్పింది, నేను ఇంగ్లీషులో పైకి చెప్పాను: మీరు పొద్దున్నే మీ మెట్లు ఊడ్చి మా మెట్లు కూడా ఊడుస్తారు, మేం వచ్చిన కొత్తలో ఎవరో తెలియక తలుపు సందులోంచి చూసేవాళ్ళం, ఆ చీపురు పట్టుకున్న చేతులు మధ్యలో ఉండాలి, అని. ఆ ఊళ్ళో ఇంటి ముందు మెట్లు ఊడ్చుకోవడం, కడుక్కోవడం పాత పద్ధతి, ముసలివాళ్ళు ఇప్పటికీ చేస్తారు. మిస్ వెంటనే మెత్తబడిపోలేదు. ఇంకో ముగ్గుర్ని తీసుకొస్తాను, వాళ్ళవి కూడా పెట్టాలి, అంది. తీసుకొచ్చింది కూడా. డిజైన్ మారింది. ఆ రోజు ఎవరూ ఆవిడకి సర్దిచెప్పే ప్రయత్నం చెయ్యకపోవడం, ఆర్టిస్ట్ ఆవిడ నోట్‌బుక్ తీసి మౌనంగా రాసుకోవడం, ఇవి జరక్కపోతే ఆ తర్వాత జరిగినవేవీ జరిగేవి కావని నా నమ్మకం.

ఇక అసలు పని. అందరూ నిచ్చెనలెక్కి గోడ మీద వేస్తారనుకుంటారు. అలా కాదు. పారాచూట్ క్లాత్ అంటారు, పల్చటి నేత లేని పాలియెస్టర్ గుడ్డ, పట్టుకుంటే టైలర్లు కాలర్లో వేసే బక్రంలా ఉంటుంది. దాన్ని 5 అడుగులకి 5 అడుగుల ముక్కలు చేసి, మొత్తం బొమ్మని గళ్ళుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద గీతలు గీసి ఏ గడిలో ఏ రంగో నంబర్లు వేసి ఇస్తారు. గుడ్డ పల్చన కాబట్టి రంగు కిందకి దిగుతుంది, అందుకని బల్ల మీద ముందు ప్లాస్టిక్ షీట్ పరవాలి. ఆరాక గుడ్డని మెల్లగా లేపి చుట్టి దాచుకోవచ్చు, ఎండాకాలం వచ్చాక గోడకి అంటిస్తారు. ఈ పద్ధతి ఉండబట్టే శీతాకాలమంతా స్కూల్ కెఫెటేరియాలో కూర్చుని పని చెయ్యగలిగాం, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలు కూడా. ఇంకో లాభం, 5 అడుగుల ముక్క అంటే చుట్టూ ఆరుగురు కూర్చోవచ్చు, చెయ్యి చాపితే ఎదుటివాళ్ళ చెయ్యి తగులుతుంది. నీ వైపు ఉన్న వేలు నువ్వేస్తే దాని గోరు అవతలి వైపు మనిషి వెయ్యాలి, ఇద్దరూ ఒక రంగు దగ్గర ఒప్పుకోవాలి.

రంగుల దగ్గరే మాకు అసలు స్నేహం కలిసింది, కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను. చేతులు వెయ్యాలంటే చర్మం రంగు కలపాలి. ఆర్టిస్ట్ ఆవిడ ఒక నియమం పెట్టింది, ఎవరి చెయ్యి వాళ్ళు వెయ్యకూడదు, పక్కవాళ్ళది వెయ్యాలి. నాకు ప్యూబ్లా ఆవిడ చేతులు వచ్చాయి, జడ అల్లుతున్న చేతులు. నా చేతులు మిస్‌కి వచ్చాయి. బల్ల మీద పెట్టింది అందరికీ అవే డబ్బాలు: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), రెడ్ ఆక్సైడ్ (ఇటుక ఎరుపు), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), తెలుపు. నలుపు అసలు ఇవ్వలేదు, నలుపు కలిపితే చర్మం బూడిద పట్టినట్టు చచ్చిపోతుంది, ముదురు రంగు కావాలంటే గోధుమకి నీలం కలపాలి అంది. తెలుపు ఎక్కువైతే సుద్ద పూసినట్టుంటుంది, దాన్ని సరిచెయ్యడానికి ఓకర్ వెయ్యాలి. ఎవరి రంగు కలిపినా ఈ అయిదు డబ్బాల్లోంచే రావాలి, కొలతలు మారతాయంతే.

కలిపిన రంగు కార్డు ముక్క మీద పూసి ఎదుటివాళ్ళ మణికట్టు మీద పెట్టి చూస్తాం. సరిపోయిందనుకుంటే తప్పే, ఎందుకంటే మేం వాడిన ఆక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పుడు లేతగా కనపడుతుంది, అందులో ఉండే జిగురు పాలలా తెల్లగా ఉంటుంది కదా, అది ఆరి పారదర్శకమయ్యాక రంగు ఒక మెట్టు ముదురుతుంది. అందుకని హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టి మళ్ళీ చూడాలి. ప్యూబ్లా ఆవిడ ఎడమచెయ్యి బల్ల మీద చాపి కూర్చునేది, నేను కార్డు పెట్టడం, డ్రయ్యర్ ఊదడం, కాదంటే ఆవిడ ఓకర్ డబ్బా నా వైపు జరపడం. మాటల్లేవు. మణికట్టు లోపలి వైపు ఒక రంగు, వెనక వైపు ఇంకో రంగు, వేళ్ళ కణుపుల దగ్గర ఇంకా ముదురు, బొటనవేలి పక్కన నూనె చిట్లి కాలిన మచ్చ ఒకటి నున్నగా గులాబీ రంగులో. నేను మచ్చ వదిలేద్దామనుకుని రంగు సమంగా పూశాను, ఆవిడ చూసి తల అడ్డంగా ఊపి మచ్చ మీద వేలు పెట్టి చూపించింది. అది కూడా వెయ్యి అని. వేశాను. ఒక మనిషి చేతిని అంత సేపు, అంత దగ్గరగా, మర్యాదగా చూడ్డం అంతకుముందు నాకెప్పుడూ జరగలేదు. అలా చూసిన మనిషి తర్వాత రోజు గేటు దగ్గర కనపడితే నవ్వేసి వెళ్ళిపోవడం ఎలా కుదురుతుంది?

మిస్ నా చేతులు వేస్తూ ఒక సంగతి చెప్పింది. తన చిన్నప్పుడు క్రయాన్ల డబ్బాలో ఫ్లెష్ అని ఒక రంగు ఉండేదట, లేత గులాబీ రంగు, మనిషి చర్మం అంటే అదేనన్నట్టు. క్రేయోలా వాళ్ళది, ఆ కంపెనీ ఉన్నది కూడా పెన్సిల్వేనియాలోనే, ఈస్టన్ ఊళ్ళో. 1962లో దాని పేరు పీచ్ అని మార్చారు. రకరకాల చర్మం రంగులతో 24 క్రయాన్ల డబ్బా 2020లో గానీ రాలేదు, అది వచ్చినప్పుడు ఆవిడ ఫొటో తీసి మా గ్రూపులో పెట్టింది. ఆ బల్ల దగ్గర ఆవిడ నా చేతికి రంగు కలిపి, ఆరబెట్టి, నా మణికట్టు మీద పెట్టి, కళ్ళజోడు పైకి జరిపి చూసి, ఇంకొంచెం ఎరుపు కావాలి, నీలో ఎరుపుంది అన్నప్పుడు నాకెందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పటి నుంచి నా రంగు గురించి విన్న మాటలన్నీ ఒక రకం. దాన్ని ఒక పనిమంతురాలి శ్రద్ధతో చూసి సరిగ్గా రావాలని తాపత్రయపడిన మొదటి మనిషి ఆవిడే.

మాటలు మెల్లగా వచ్చాయి. తల వంచుకుని పని చేస్తుంటే మాట్లాడ్డం తేలిక, ఎదుటివాళ్ళ మొహం చూడక్కర్లేదు, మధ్యలో ఆగిపోయినా ఎబ్బెట్టుగా ఉండదు, బ్రష్ ఉంది కదా. భూటాన్ ఆవిడ క్యాంపులో పుట్టిన పిల్లల గురించి ఎవరి వైపూ చూడకుండా ఒక గోరు రంగేస్తూ చెప్పింది. ప్యూబ్లా ఆవిడ వాళ్ళమ్మని చూసి చాలా ఏళ్ళయిందని చెప్పింది, ఎందుకు వెళ్ళలేకపోతోందో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. కంబోడియా పెద్దాయన మాట్లాడేదే తక్కువ. కానీ సన్నటి అంచు ఎవరికి కుదరకపోయినా ఆయన లేచి వచ్చి బ్రష్‌ని పక్కకి కాకుండా తన వైపుకి లాగుతూ, ఊపిరి బిగబట్టి ఒక్క గీత గీసి చూపించేవాడు. వారానికి రెండు సాయంత్రాలు, శనివారాలు పగలంతా. కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో ఒక స్టడీ వేశాడు, పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి 50 గంటలు, గట్టి స్నేహితులు కావడానికి 200 గంటలకి పైనే కలిసి గడపాలి అని. నాకు అది చదివితే కెఫెటేరియానే గుర్తొచ్చింది. పెద్దయ్యాక, అందులోనూ పరాయి దేశంలో, అన్ని గంటలు ఒకరితో గడిపే అవకాశం ఎవరిస్తారు? పని ఇస్తుంది. ఇంకొకటి, బల్ల దగ్గర అందరిదీ ఒకటే స్థాయి. ఇంగ్లీషు బాగా వచ్చని నాకు ఎక్కువ మర్యాద లేదు, పైగా అంచులు గియ్యడం రాదు కాబట్టి నేనే ఆ పెద్దాయన దగ్గర నేర్చుకోవాలి. వేర్వేరు గుంపుల మనుషులు సమాన హోదాలో ఒకే లక్ష్యం కోసం కలిసి పని చేస్తేనే దూరం తగ్గుతుందని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే సైకాలజిస్ట్ 1954లోనే రాశాడు. నేను దాన్ని ఒక శీతాకాలమంతా కళ్ళారా చూశాను.

ఆ శీతాకాలం అక్కడివాళ్ళెవరూ మర్చిపోలేరు కూడా. ఫిబ్రవరి 4న ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీం ఈగిల్స్ మొదటిసారి సూపర్ బౌల్, అంటే ఆ ఆటలో ఏటా జరిగే ఫైనల్, గెలిచింది, ఊరు ఊరంతా రోడ్ల మీదే. 8వ తేదీ పరేడ్ కోసం స్కూళ్ళు మూసేశారు. నాకు ఫుట్‌బాల్ ఓనమాలు తెలియవు. మిస్ పొద్దున్నే మా తలుపు కొట్టి, ఈ ఊళ్ళో ఉంటూ ఇది చూడకపోతే ఎలా అని నన్నూ పాపనీ బ్రాడ్ స్ట్రీట్‌కి తీసుకెళ్ళింది, ప్యూబ్లా ఆవిడ కూతురితో అక్కడికే వచ్చింది. పాపని ఎవరో ముక్కూమొహం తెలియనాయన పైకెత్తి బస్సు మీద కప్పు చూపించాడు. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం ఒకే దుప్పటి కప్పుకుని ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. మార్చిలో వరసగా నాలుగు మంచు తుఫాన్లొచ్చాయి, సెషన్లు క్యాన్సిల్ అయ్యాయి, అప్పుడు కూడా ఎవరింట్లో ఏముంది ఏం లేదు అని ఒకళ్ళకొకళ్ళం మెసేజ్‌లు పెట్టుకున్నాం. కెఫెటేరియా బయట మా మధ్య ఏదో మొదలైందని నాకు అప్పుడే ఖాయంగా తెలిసింది.

ఇంకా గట్టిగా తెలిసింది ఒక ఫారం నింపుతున్నప్పుడు. స్కూల్లో ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఫారం ఇస్తారు, తల్లిదండ్రులు దొరక్కపోతే పిల్లని ఎవరికి అప్పగించాలి అని. మొదట్లో ఆ గడులు ఖాళీగా ఇచ్చాను. ఏప్రిల్‌లో ప్యూబ్లా ఆవిడ వచ్చి, తన డ్యూటీ టైం మారింది, మంగళవారాలు తన కూతుర్ని నేను తీసుకురాగలనా అని అడిగి తన ఫారంలో నా పేరు రాసుకుంది. నేను ఆ రోజే ఆఫీసుకెళ్ళి నా ఫారం వెనక్కి తీసుకుని ఆవిడ పేరూ, మిస్ పేరూ రాశాను. దేశం కాని దేశంలో పిల్లని నమ్మి అప్పగించే పేర్లు రెండు ఉండటం ఎంత ధైర్యమో, అలా ఖాళీ ఫారం ఇచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

అందరితోనూ ఇలా అయిందని చెప్పను. పాతికమంది దాకా వచ్చాం, కొందరు రెండుసార్లొచ్చి మానేశారు, ఇద్దరు ముగ్గురితో ఇప్పటికీ పలకరింపే. పని వల్ల కలిసినవాళ్ళందరూ మిగలరు, మిగలక్కర్లేదు కూడా.

మే నెలాఖర్లో అంటించడం మొదలైంది. గోడ ముందే ప్రెషర్ వాషర్‌తో కడిగి ప్రైమర్ కొట్టారు. వానలొచ్చి పని వాయిదా పడుతూ వచ్చింది, గోడ పూర్తిగా ఆరాలి. పైన వరసలు స్కాఫోల్డింగ్ ఎక్కి ఆర్టిస్ట్ ఆవిడా, ఆవిడ టీమూ అంటించారు, వాలంటీర్లని పైకి ఎక్కనివ్వరు, మాకు కింద రెండు వరసలు. గోడకి ఆక్రిలిక్ జెల్ మందంగా పూసి, గుడ్డ వెనక కూడా పూసి, పై అంచు పట్టుకుని సరిగ్గా గీతకి ఆనించి, మధ్యలోంచి అంచులకి గట్టిగా రుద్దుకుంటూ రావాలి, గాలి బుడగ ఉండిపోతే చలికాలంలో అక్కడే లేస్తుంది. తర్వాత పైన ఇంకో పూత. జెల్ తెల్లగా ఉంటుంది కాబట్టి కాసేపు బొమ్మంతా మసక బారిపోతుంది, భయమేస్తుంది, ఆరేకొద్దీ రంగులు తేలతాయి. గోడ ఇటుకల గీతలు గుడ్డలోంచి కనపడేదాకా రుద్దమన్నాడు కంబోడియా పెద్దాయన, ఆయన మాటే అందరం విన్నాం, ఆర్టిస్ట్ ఆవిడతో సహా. మిస్ చీపురు చేతులు మధ్యలో, వాటి కుడిపక్కన జడ అల్లే చేతులు, కింద వరసలో మందుల డబ్బా, షూ లేసులు. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు ఎక్కడుందో వేసిన మాకు తప్ప ఇంకెవరికీ కనపడదు.

జూన్‌లో స్కూల్ సెలవులకి ముందు ఓపెనింగ్ పెట్టారు. ఉపన్యాసాలు క్లుప్తంగా అయిపోయాయి. పిల్లలు మాత్రం సాయంత్రం దాకా గోడ దగ్గరే, ఏ చెయ్యి ఎవరమ్మదో చూపించుకుంటూ.

మేం ఆ ఊళ్ళో ఇంకో మూడేళ్ళున్నాం. ఆ వేసవిలో ఆదివారాలు ఎఫ్‌డీఆర్ పార్కులో కంబోడియా పెద్దాయన కుటుంబంతో గడిచాయి, భూటాన్ ఆవిడ సిటిజెన్‌షిప్ పరీక్షకి నేను ప్రశ్నలు అడిగి చదివించాను, ప్యాసైంది. నాకు డ్రైవింగ్ నేర్పింది మిస్, జీవితమంతా బస్సు నడిపిన మనిషి, ఇరుకు సందులో పార్కింగ్ ఎలా చెయ్యాలో ఆవిడ చెప్పినట్టు ఏ స్కూలూ చెప్పలేదు. తర్వాత మావారి ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వచ్చేశాం. గ్రూప్ చాట్ నడుస్తూనే ఉంది, సగం స్పానిష్, సగం ఇంగ్లీషు, వాయిస్ మెసేజ్‌లు ఎక్కువ.

మీ పిల్లల స్కూల్లో ఇలాంటిదేదైనా జరుగుతుందేమో ఆఫీసులో అడగండి, లేకపోతే ఆర్ట్ టీచర్‌ని పట్టుకోండి, చాలామంది టీచర్లు మనుషులు దొరక్క ఆగిపోయినవాళ్ళే. ఒక్క పూటలో అయిపోయే ఈవెంట్ కాకుండా నెలలు పట్టే పని చూసుకోండి. క్లియరెన్సులు ఏ రాష్ట్రం రూల్స్ ఆ రాష్ట్రానివి, ముందే అప్లై చేసి పెట్టుకోండి, టైం పడుతుంది. ఇక్కడ పాప కొత్త స్కూల్లో మొజాయిక్ ఒకటి వేద్దామంటున్నారు, నేను వేలిముద్రలకి వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.